పాత కలపలో సీలలు: గాలి గన్ మేలా, పటకారు మేలా?

పెంకుటిల్లు (నరసన్నపేట)
పల్లెల్లో పెంకుటిళ్లు విప్పి స్లాబు వేస్తున్న ప్రతిచోటా పాత కలప గుట్టలుగా దిగుతోంది. టేకు దూలాలు, గుగ్గిలం వాసాలు, 2×1 అంగుళాల రీపర్లు (పెంకుల కింద అడ్డంగా కొట్టే సన్న చెక్కలు). సీలలు తీయించే కూలే కలప ధరని తినేస్తోంది, కంప్రెషరు గాలితో సీలని బయటికి తోసే గాలి గన్ పెట్టమని కొందరు చెబుతున్నారు. గన్ కొడితే కలప చీలిపోతుంది, పటకారే దిక్కని ఇంకొందరు. పని తెలిసినవాళ్లు లెక్కతో సహా చెప్పండి.

గాలిపని (రాజాం)
రీపర్లకి గన్ కాకుండా ఇంకోటి అడగడమే అనవసరం అన్నా. ఈ గన్ సీలని పీకదు, వెనక నుంచి తోస్తుంది. సీల మొన వెనకవైపు కనీసం అర అంగుళం బయటికి ఉండాలి. గన్ మూతి గొట్టంలా బోలుగా ఉంటుంది. ఆ మొనని గొట్టంలోకి ఎక్కించి, గన్‌ని చెక్కకి నిలువుగా ఆనించి ట్రిగ్గరు నొక్కితే లోపలి పిస్టను మొన మీద కొడుతుంది, సీల తలవైపు నుంచి బయటపడుతుంది. గాలి ఒత్తిడి 80 నుంచి 120 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) చాలు. గేజీ అంటే సీల మందం లెక్క, అంకె తగ్గేకొద్దీ సీల లావు. 20 గేజీ నుంచి 10 గేజీ దాకా తీసుకునే గన్లే ఎక్కువ. రీపర్లకి కొట్టే 2 అంగుళాల సీల 12 గేజీ, 3 అంగుళాలది 10 గేజీ. అంటే రెండూ పడతాయి.

మడిచి కొట్టిన సీలని ముందు సుత్తితో నిటారు చేయాలి. వంకర ఉంటే పిస్టను దెబ్బకి ఇంకా వంగి మూతిలోనే ఇరుక్కుంటుంది. నిటారు చేయడానికి పట్టే టైమే అసలు టైము, గన్ దెబ్బకి ఏముంది.

చిత్రిక (బొబ్బిలి)
నిటారు చేయగలిగిన సీలల సంగతి మీరు చెప్పారు. యాభై అరవై ఏళ్లు కప్పు కింద ఉన్న సీల నిటారు చేస్తుంటేనే విరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చెక్కని లోపల కరుచుకుని ఉంటుంది. అలాంటిదాన్ని ఒక్క దెబ్బతో వెనక నుంచి తోస్తే ఈ మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది: సీల మధ్యలో తెగుతుంది, లేదా తల చుట్టూ రూపాయి బిళ్లంత చెక్కు లేస్తుంది, లేదా రీపరు చివర అంగుళం లోపున ఉన్న సీలైతే చివరంతా చీలిపోతుంది.

పాత దూలాల్లో కమ్మరి కొట్టిన నాలుగు పలకల సీలలు ఉంటాయి. అవి గన్ మూతిలోకి దూరవు కూడా. వాటికి పద్ధతి వేరు. ముందు తల మీద చిన్న దెబ్బ వేసి సీలని లోపలికే ఒక మిల్లీమీటరు కదిలించాలి. టక్కున ఒక చప్పుడు వస్తుంది, తుప్పు పట్టు వదిలిందన్నమాట. ఆ తర్వాత తల చుట్టూ సన్నటి ఉలితో చోటు చేసి, పటకారు కింద చెక్క ముక్క పెట్టి, నెమ్మదిగా తిప్పుతూ లాగాలి. ముక్క పెట్టకపోతే పటకారు దవడ టేకు మీద గుంట వేస్తుంది, ఆ గుంట చిత్రికకి పోదు.

తాటి వాసాలకైతే గన్ వద్దే వద్దు. తాటికి పైనున్న నల్లటి గట్టి ఈనెలే బలం, తల బయటికొస్తూ ఆ ఈనెలని పొడుగునా లేపేస్తుంది.

బాడీ షెడ్డు (సాలూరు)
తాటి సంగతి ఒప్పుకుంటాను చిత్రిక గారూ. మిగతాదాంట్లో తప్పు గన్‌ది కాదు, గాలిది. 120 పెట్టి మొదటి దెబ్బే కొడితే చెక్కు లేవదా మరి? 80తో మొదలెట్టాలి. కదలకపోతే 10 చొప్పున పెంచాలి. తల పైకి రంగు పూత ఉంటే ముందు దాని చుట్టూ బ్లేడుతో గీత పెట్టండి, సగం చెక్కు అక్కడే ఆగిపోతుంది.

కంప్రెషరు 2 హెచ్‌పీ, 50 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. ట్యాంకు 120 నుంచి 90కి దిగితే సుమారు వంద లీటర్ల గాలి వాడినట్టు. దెబ్బకి రెండు లీటర్లు వేసుకున్నా యాభై దెబ్బలు వస్తాయి, ఆలోగా మోటారు మళ్లీ అందుకుంటుంది. రెండో దెబ్బ నీరసంగా పడుతోందంటే గన్ పోయిందనుకోకండి, ముందు పైపు చూడండి. పొడుగాటి సన్న పైపు గాలి ఆపేస్తుంది. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు ఉండాలి.

మన తీరంలో గాలి తేమ. రోజూ పని అయ్యాక ట్యాంకు కింది కుళాయి విప్పి నీళ్లు వదలాలి, లేకపోతే పిస్టను తుప్పు పడుతుంది. పొద్దున్నే గాలి పైపు తగిలించే చోట గాలి పనిముట్ల నూనె రెండు మూడు చుక్కలు వేయండి. ఇంజన్ ఆయిల్ వద్దు, ఓరింగులు (లోపలి రబ్బరు వలయాలు) పాడవుతాయి.

ఇంకో మాట. సీల అవతలి వైపు నుంచి తూటాలా వస్తుంది. చెక్కని ఒళ్లో పెట్టుకుని కొట్టకూడదు. రెండు దిమ్మల మీద పెట్టి, తల వచ్చే వైపు కింద ఇసుక పోసిన డబ్బా ఉంచాలి. అటు మనిషి ఉండకూడదు. కళ్లద్దాలు, చెవులకి మూత తప్పనిసరి. పాత తలుపుల రంగులో సీసం ఉండొచ్చు, మూతికి మాస్కు కూడా.

చిత్రిక (బొబ్బిలి)
80తో మొదలెట్టమన్నది మంచి మాట, అది రీపర్లకి ఒప్పుకుంటాను. దూలాలకి మాత్రం ఒప్పుకోను. దూలం మందం అయిదారు అంగుళాలు, సీల మొన అవతలికి రానే రాదు. గన్‌కి పట్టు ఎక్కడిది?

గాలిపని (రాజాం)
దూలానికి గన్ అని ఎవరన్నారు బాబూ! వాసాల్లోనూ 4 అంగుళాలది కనిపిస్తే వదిలేయండి. అది 8 గేజీ, నాలుగు మిల్లీమీటర్ల మందం, మూతిలో పట్టదు.

పెంకుటిల్లు (నరసన్నపేట)
మరి లోపలే విరిగిపోయిన ముక్కల సంగతేటి? ఈ కలపంతా ప్లేనరుకి (చిత్రిక పట్టే మిషనుకి) వెళ్లాలి.

చిత్రిక (బొబ్బిలి)
అసలు నష్టం అక్కడే. ముక్క ఒకటి మిగిలిందా, ప్లేనరు బ్లేడుకి గాటు పడుతుంది. అక్కడి నుంచి వచ్చే ప్రతి చెక్క మీదా ఆ గాటు గీతలా లేచి కనిపిస్తుంది, బ్లేడు మళ్లీ సాన పట్టేదాకా పోదు. కాబట్టి గన్‌తో తీసినా, చేత్తో తీసినా, చేతి మెటల్ డిటెక్టరుని ప్రతి ముఖం మీదా నెమ్మదిగా రెండుసార్లు తిప్పాలి, ఒకసారి పొడుగునా, ఒకసారి అడ్డంగా. మద్ది కలపలో ఇనుము చుట్టూ నల్ల మచ్చ కూడా దారి చూపిస్తుంది. మచ్చ మధ్యలో చిన్న తుప్పు చుక్క ఉంటే లోపల ముక్క ఉన్నట్టే.

తీయడానికి 10 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం ముక్కకి ఒక చివర ఆకురాయితో పళ్లు కోసి డ్రిల్లుకి బిగించండి. సీల చుట్టూ గుండ్రంగా కోస్తే ముక్కతో సహా చిన్న కడ్డీలా బయటికొస్తుంది. ఆ కన్నంలో అదే జాతి కలప బిరడా జిగురుతో కొట్టి, ఈన్లు కలిసేలా తిప్పి పెట్టండి.

బాడీ షెడ్డు (సాలూరు)
గొట్టం మొదలెట్టేటప్పుడు జారిపోతుంది. పలచటి చెక్క ముక్కకి 10 మిల్లీమీటర్ల కన్నం వేసి, దాన్ని సీల మీద క్లాంపుతో బిగించి ఆ కన్నంలోంచి దించండి. రెండు మూడు మిల్లీమీటర్లు దిగాక ముక్క తీసేయొచ్చు.

పెంకుటిల్లు (నరసన్నపేట)
సరే. రీపర్లు, 3 అంగుళాల లోపు సీలలున్న వాసాలు గన్‌కి, 80 పీఎస్ఐతో మొదలు. తాటివి, దూలాలు పటకారుకి. డిటెక్టరు అన్నిటికీ. రేపు గుట్టని అలాగే విడదీయిస్తాను.