అప్‌డేట్: మా పాత ప్రీమియర్ పద్మిని కారులో పెట్రోల్ వాసన పోయింది

ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే మలుపుల్లో కారు లోపల పెట్రోల్ వాసన వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు అనుమానించినట్టే ట్యాంకు మూతి గొట్టం దగ్గరి రబ్బరు సీలే కారణం. విజయవాడ ఆటోనగర్‌లో విప్పించాను. పాత సీలు గోరుతో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాతకాలం రబ్బరు దాన్ని తట్టుకోలేదు. అందుకే ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ అనే రకం రబ్బరు సీలు వేయించాను. ధర ఎక్కువే, కానీ పెట్రోల్‌తో పని, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

బ్యాటరీ వైరు తీసి, ట్యాంకులో పెట్రోల్ తగ్గించాకే మొదలుపెట్టారు. గొట్టం అంచున తుప్పుని ఎమెరీ పేపరుతో చేత్తోనే రుద్దారు. ఆ అంచు నున్నగా లేకపోతే కొత్త సీలూ సరిగా కూర్చోదు. ఫుల్ ట్యాంక్‌తో దుర్గ గుడి ఫ్లైఓవర్ వంపుల్లో తిప్పాను, వాసన అస్సలు లేదు. అందరికీ చాలా థాంక్స్ అండీ.