ఊళ్లోకి కొరియర్ రాదు, పోస్టు వస్తుంది. మీ దగ్గర ఎలా ఉంది?

మన్యం_ఆడపడుచు:
అమ్మ పాడేరు దగ్గర, తారురోడ్డు దిగాక మూడు కిలోమీటర్ల లోపల ఉంటుంది. విశాఖ నుంచి షుగర్ మందులు కొరియర్‌లో పంపాను. మండల కేంద్రం దాకా వచ్చి ఆగిపోయింది. "మీ ఊరికి సర్వీసు లేదు, వచ్చి తీసుకోండి" అని ఫోన్. అమ్మ ఆటో కట్టించుకుని వెళ్లేసరికి షట్టర్ దించేశారు. తర్వాతి నెల స్పీడ్ పోస్టు చేశాను. వానలో పోస్టు బాబు బండి రోడ్డు మీదే ఆపి, కవరు చొక్కా లోపల దాచుకుని గట్టు వెంబడి నడిచొచ్చి ఇచ్చాడట.

ప్లీడర్_గుమస్తా:
నోటీసులు పంపడమే మా పని. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబరు నుంచి 50 గ్రాముల లోపు కవరుకి లోకల్ అయితే 19, పై ఊరికి 47 రూపాయలు, జీఎస్టీ అదనం. ఆ 47 హైదరాబాద్ నుంచి వరంగల్‌కైనా అంతే, మీ అమ్మగారి ఊరికైనా అంతే. అపార్ట్‌మెంటులో ఒకేసారి పది కవర్లు ఇచ్చే పని ప్రైవేటుకి గిట్టుబాటు. అదంతా అటు పోతే గట్టు మీద నడిచే ఖర్చు దేంట్లోంచి రావాలి? ఉత్తరాలు మోసే హక్కు సర్కారుదేనన్న 1898 నాటి నిబంధన కూడా 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు.

గుంటూరు_పచ్చళ్లు:
పోటీ ఉండాలండీ. కొరియర్ అబ్బాయి సాయంత్రం ఇంటికొచ్చి పార్శిళ్లన్నీ పట్టుకెళ్తాడు, నాకు టెన్షన్ ఉండదు. కాకపోతే లోపలి ఊళ్ల పిన్‌కోడ్ కొట్టగానే యాప్ తీసుకోదు. అవి పోస్టులోనే వేస్తాను.

కోపెన్‌హేగన్_తెలుగు:
ఇక్కడ డెన్మార్క్‌లో ఇంటింటికీ ఉత్తరం ఇవ్వాలన్న బాధ్యతను 2024లో చట్టం నుంచే తీసేశారు. 1624లో మొదలైన సర్కారీ తపాలా, 2025 డిసెంబరు 30న ఆఖరి ఉత్తరం పంచి, ఉత్తరాల పని ఆపేసింది. వీధుల్లో ఎర్ర డబ్బాలు కూడా పీకేశారు. ఇప్పుడు ఉత్తరాలు పంచేది డావో అనే ప్రైవేటు సంస్థ. ఇక్కడ అన్నీ ఫోన్‌లోనే వస్తాయి కాబట్టి చెల్లింది. మన పల్లెలకి ఈ లెక్క పెడితే మాత్రం ముసలివాళ్లు నష్టపోతారు.

డాక్_సేవక్:
అక్కా, నాది బ్రాంచి పోస్టాఫీసు. ఒక్కోరోజు బ్యాగులో రెండే ఉత్తరాలుంటాయి. 50 పైసల కార్డయినా ఆ గడప దాకా వెళ్లాల్సిందే. ఉద్యోగం ఆర్డరైతే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చేస్తారు.

మన్యం_ఆడపడుచు:
తమ్ముడూ, కవరు మీద అమ్మ ఫోన్ నంబరు పెద్దగా రాస్తే సులువవుతుందా? అక్కడ గుట్ట ఎక్కితేనే సిగ్నల్.

డాక్_సేవక్:
ఇంటిపేరు, పక్కన గుడో బడో ఉంటే అదీ రాయండక్కా. ఫోన్ కలవకపోయినా అడుక్కుంటూ వెళ్లి ఇచ్చేస్తాం.