నాలుగేళ్ల పాపను నిద్రపుచ్చే నెమ్మదైన కథలు చెప్తారా?

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్లు. రాత్రి కథ చెప్పందే పడుకోదు, అది నాకు సంతోషమే. కానీ నాకు తెలిసిన కథల్లో సగం ఉన్న నిద్ర కూడా పోగొట్టేవే. ఆవు, పులి కథ చెప్తే, ఆవు దూడ దగ్గర సెలవు తీసుకునే చోటికి వచ్చేసరికి లేచి కూర్చుని ఏడుస్తుంది. రాక్షసుల కథలైతే ఇక లైటు ఆర్పనివ్వదు.

బాగా పనిచేసేది ఏడు చేపల కథ. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదంది, ఆవును అడిగితే పాలేరు మేపలేదంది... ఒకే తీరుగా సాగే ఆ ప్రశ్నలు వింటుంటే కళ్లు మూతలు పడతాయి. తీరా చివర్లో చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనగానే పకపకా నవ్వేసి, మళ్లీ మొదటినుంచి చెప్పమంటుంది.

ఇలాగే మాటలు తిరిగి తిరిగి వస్తూ, భయం, చావు, దెబ్బలాట లేకుండా, మెల్లగా ముగిసే కథలు మీ ఇళ్లలో ఏం చెప్తారు? రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ పల్లెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పేవైతే మరీ మంచిది. పేరొక్కటే రాస్తే నాకు తెలియకపోవచ్చు, కథ నాలుగు ముక్కల్లో చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దండీ, ఫోను చూస్తే అసలే పడుకోదు. ఇంకొకటి, చెప్పేటప్పుడు పాప మధ్యలో ప్రశ్నలు అడిగితే జవాబు చెప్తారా, కథ ఆపకుండా సాగిస్తారా?