పాత ఆమ్నీ పెట్రోల్ ట్యాంకు: మాటు వేయించాలా, కొత్తది వేయించాలా?

కళింగపట్నం ఆమ్నీ:
నాది 2006 మోడల్ మారుతీ ఆమ్నీ. వెనక సీట్లు తీసేసి చెక్క బల్ల, పరుపు, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకున్నాం. నెలకోసారి నేనూ మా ఆవిడా బారువ వైపో అరకు వైపో పోయి అందులోనే పడుకుంటాం. రెండు వారాలుగా పెట్రోల్ వాసన. రాత్రి ఇంటి ముందు నిలిపితే పొద్దున్నకి కింద అరచేతంత తడి. ఫుల్ ట్యాంకు కొట్టిస్తే ఎక్కువ, సగానికి దిగితే తక్కువ. ఒంటి సబ్బు గట్టిగా అద్దితే ప్రస్తుతానికి ఆగింది. శ్రీకాకుళంలో ఒక మెకానిక్ దింపి వెల్డింగ్ చేయిద్దాం, 1500 అవుతుంది అన్నాడు. ఇంకొకాయన కొత్త ట్యాంకే వేయించండి, విశాఖ ఆటోనగర్‌లో చూడండి అన్నాడు. ఎవరి మాట వినాలి?

రాజాం రేకుపని:
నేను 22 ఏళ్లుగా రేడియేటర్లు, ట్యాంకుల పనే చేస్తున్నాను సార్. కొత్తది అనవసరం. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే చీమ తలకాయంత చిల్లు. ట్యాంకు దింపి, సర్ఫు నీళ్లతో మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి, తర్వాత నీళ్లు నింపి చిల్లు పైకి పెట్టుకుని ఇత్తడితో మాటు వేస్తే మీ బండి ఉన్నంత కాలం ఉంటుంది.

పలాస జీడిపప్పు:
ముందు గొట్టాలు చూడండి. రబ్బరు గొట్టం పగిలినా ఇదే వాసన.

నాగావళి ఒడ్డు:
పెట్రోల్ ట్యాంకు మీద మంట పెట్టించకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే పేలుతుంది. ఖాళీ ట్యాంకులో చెంచాడు పెట్రోల్ మిగిలినా ఆ లెక్క కుదిరిపోతుంది. కొత్తది వేయించండి. ఇందులో రెండో మాట లేదు.

రాజాం రేకుపని:
అందుకేగా నీళ్లు నింపేది! నీళ్లున్న చోట ఆవిరి ఎక్కడుంటుంది బాబూ?

నాగావళి ఒడ్డు:
మీరే చెప్పండి. నీళ్లు చిల్లు దాకా తగిలితే రేకు వేడెక్కదు, ఇత్తడి పారదు. అందుకని చిల్లు కింద అంగుళం ఖాళీ వదులుతారు. ఆ అంగుళంలో ఏముంటుంది?

రాజాం రేకుపని:
అంగుళం ఎవడు వదులుతాడు? అర అంగుళం.

నాగావళి ఒడ్డు:
సరే, అర అంగుళంలో ఏముంటుంది?

బొబ్బిలి బుల్లోడు:
అంగుళమా, అర అంగుళమా తేల్చండి. ఈలోపు టీ తాగొస్తా.

విజయనగరం విశ్రాంత ఉద్యోగి:
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. సీట్లు తీసేసి స్టవ్ పెట్టారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిలో అలాంటి మార్పులకు అనుమతి ఉండాలి. 2006 బండి అంటే 15 ఏళ్లు 2021లోనే నిండాయి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ. ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు ట్యాంకు కారుతుంటే పాస్ చేస్తారా?

కళింగపట్నం ఆమ్నీ:
మాస్టారూ, నేనడిగింది ట్యాంకు గురించి. పలాస గారూ, గొట్టాలు కొత్తవే, ఆర్నెల్లు కాలేదు.

పలాస జీడిపప్పు:
అయితే లోపల ఎపాక్సీ పూత పోయించండి. మంట లేదు, గొడవ లేదు. మా బావ బుల్లెట్‌కి అలాగే చేశాడు.

నాగావళి ఒడ్డు:
పూత పట్టాలంటే లోపల తుప్పు మొత్తం పోవాలి, చుక్క తడి ఉండకూడదు. బుల్లెట్ ట్యాంకులో పిడికెడు నట్లు వేసి గిలకరిస్తే తుప్పు రాలుతుంది. వ్యాను ట్యాంకుని ఎవరు గిలకరిస్తారు? పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. అన్ని పూతలూ దానికి ఆగవు. పొరలుగా ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడతాయి. ఇథనాల్ తడిని లాగుతుంది, ఆ తడి ఎక్కువైతే ఇథనాల్ నీళ్లతో సహా అడుక్కి దిగుతుంది. సముద్రం ఒడ్డున బయట నుంచి ఉప్పు, లోపల నుంచి ఇది. ఈయన ట్యాంకు రెండు వైపులా తింటోంది.

రాజాం రేకుపని:
చదువుకున్నోళ్లు బాగానే చెబుతారు. కొత్త ట్యాంకు అంటున్నారు కదా, ఈ మోడల్‌కి కొత్తది అని చేతిలో పెట్టేది కొత్తదే అని గ్యారంటీ ఏటి? పోయినేడాది ఒకాయన కొత్త ట్యాంకు కొన్నానని తెచ్చాడు. పైన నల్ల పెయింట్ నిగనిగలాడుతోంది. లైటు వేసి లోపలికి చూస్తే ఎర్రగా చీమల పుట్టలా ఉంది. పాత సామాన్ల షాపు సరుకుకి రంగేసి అమ్మేశారు. చివరికి దానికీ నేనే మాటు వేశాను. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక జనం జనరేటర్ల కోసం ఎగబడ్డారు. రోజుకి ఎన్ని ట్యాంకులు పట్టుకొచ్చారో లెక్కలేదు. వారం రోజులు నిద్ర లేకుండా మాట్లు వేశాను. ఒక్కటీ పేలలేదు.

నాగావళి ఒడ్డు:
అవి చాలావరకు డీజిల్ ట్యాంకులు. డీజిల్ మామూలు ఎండకి అంతగా ఆవిరి కాదు. పెట్రోల్ సున్నాకి 40 డిగ్రీలు కిందున్నా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. 22 ఏళ్లు చేశామని చెప్పే మనిషికి ఈ తేడా తెలియకపోతే ఇక ఏం మాట్లాడతాం?

రాజాం రేకుపని:
నాకు తెలీదా? ఎవరు నువ్వు నాకు చెప్పడానికి? ఫోన్లో నాలుగు ముక్కలు చదివేసి చేతిపని చేసుకునేవాడికి నీతులు. మిక్సీ పాడైతే కొత్తది, ఫ్యాను పాడైతే కొత్తది, ట్యాంకు చిల్లు పడితే కొత్తది. అందరూ నీలాగే అంటే నా షాపు షట్టరు ఎప్పుడో దించేయాలి. ఇద్దరు కుర్రాళ్లు నన్ను నమ్ముకుని పని నేర్చుకుంటున్నారు, తెలుసా?

నాగావళి ఒడ్డు:
కుర్రాళ్ల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. మా తమ్ముడు అలాంటి కుర్రాడే. 17 ఏళ్లప్పుడు ఒక షాపులో చేరాడు. ఊరు పేరు వద్దు. ఎవరిదో బైకు ట్యాంకు. కడిగేశాం, నీళ్లు నింపేశాం అని ఓనరు చెప్పాడు. రేకుల అతుకు మడతలో పట్టి ఉన్న పెట్రోల్ కడిగితే పోదు, తుప్పు పొరల్లో ఉన్నదీ పోదు. వేడి తగిలాకే బయటికొస్తుంది. కుడి చెయ్యి, ఒక చెంప కాలిపోయాయి. ఓనరు పది రోజులు మందులకిచ్చి మొహం చాటేశాడు. ఆ బైకాయన ట్యాంకు ఇంకో షాపులో చేయించుకుని వెళ్లిపోయాడట. ఆయనకి మహా అయితే నాలుగైదు వందలు మిగిలి ఉంటాయి. 1500కి అవుతుందని ఎవరైనా రాస్తే నాకు ముందు కనిపించేది ఆ వెల్డింగ్ టార్చి ఎవరు పట్టుకుంటారా అని.

బొబ్బిలి బుల్లోడు:
అన్నా, సారీ. టీ జోకు వేసి ఉండకూడదు.

రాజాం రేకుపని:
ఆ మాట మొదటే చెప్పాల్సింది తమ్ముడూ. నా కుర్రాళ్లని నేను పెట్రోల్ ట్యాంకు దగ్గరికి రానివ్వను. నేనే పడతాను టార్చి. వాళ్లని గుమ్మం బయట నిలబెడతాను. రెండుసార్లు భగ్గుమని నా చేతి మీద వెంట్రుకలు మాడాయి, అంతే.

నాగావళి ఒడ్డు:
అంటే రెండుసార్లు అంటుకుంది. పైన ఒక్కటీ పేలలేదన్నారు.

రాజాం రేకుపని:
భగ్గుమనడం వేరు, పేలడం వేరు. అయినా పైన చెప్పింది తిత్లీ అప్పటి మాట.

విజయనగరం విశ్రాంత ఉద్యోగి:
రెండూ ఒకటే.

కళింగపట్నం ఆమ్నీ:
ఇదంతా చదివాక భయమేసి, ముందు గ్యాస్ స్టవ్ బండిలోంచి దింపేశాను. ఇవాళ ఆరుబయట పెట్రోల్ తీయించి ట్యాంకు కూడా దింపించాను. ఒక చిల్లు కాదు. ట్యాంకుని పట్టి ఉంచే ఇనప పట్టీ కింద ఉప్పు మట్టి చేరి గట్టిపడిపోయింది. అది గీకి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కితే అప్పడంలా లోపలికి దిగిపోయింది. పట్టీ పొడుగునా అంతే.

రాజాం రేకుపని:
అలాగైతే మాటు నిలవదు. రేకు బాగుంటేనే ఇత్తడి పట్టేది. ఒక చిల్లు పూడిస్తే పక్కన రెండు పడతాయి. కొత్తది వేయించుకోండి. కొనే ముందు లోపల లైటు వేసి చూడండి, మూత దగ్గర వేలు పెట్టి తిప్పితే ఎర్రపొడి అంటకూడదు. పట్టీలు కూడా తినేసి ఉంటాయి, అవి మాత్రం నేను చేసిస్తాను. కింద రబ్బరు ముక్క వేసి బిగించండి. నీళ్లతో మట్టి కడుగుతుండండి. పట్టీలకి డబ్బులు తీసుకుంటాను, ఫ్రీ కాదు.

కళింగపట్నం ఆమ్నీ:
తప్పకుండా అన్నా. ఆదివారం రాజాం వస్తాను.

నాగావళి ఒడ్డు:
పాత ట్యాంకు ఏం చేస్తున్నారు?

కళింగపట్నం ఆమ్నీ:
ఏముంది, పాత సామాన్లవాడికి వేసేస్తాను.

నాగావళి ఒడ్డు:
వాడు దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు. అది పెట్రోల్ ట్యాంకని వాడికి ఎవరు చెబుతారు?

రాజాం రేకుపని:
వాడికి ఇవ్వకండి. ఆదివారం పట్టీల కోసం వచ్చేటప్పుడు అదీ తీసుకురండి. మంట పెట్టను, నీళ్లు పోసి ఉలితో చీలుస్తాను. చీల్చిన రేకు వాడికిద్దాం.

నాగావళి ఒడ్డు:
నీళ్లు ఎంత దాకా పోస్తారు?