లైవ్ డిస్కు లేవకపోతే డిస్ట్రో మార్చాలా, లోపం వెతకాలా?

విజీనగరం జిరాక్స్: మూడు లాంతర్ల దగ్గర మాది చిన్న జిరాక్స్ షాపు. పాత పెంటియం 4 ఒకటుంది, 1 జీబీ ర్యామ్. హార్డ్ డిస్కు పోయింది. హాల్ టికెట్లు ప్రింట్ తీయడానికైనా పనికొస్తుందని హార్డ్ డిస్కు లేకుండానే నేరుగా సిస్టమ్ నడిపే లైవ్ డిస్కులు మూడు రాశాను, ఒక్కోదాంట్లో ఒక్కో డిస్ట్రో, అంటే ఒక్కో రకం లినక్స్. పప్పీ లినక్స్ లేచింది. యాంటీఎక్స్ సగం వరకు వచ్చి, తెర నిండా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్లు పోస్తోంది. లుబుంటు మొదట్లోనే ఆగిపోయింది. ఇంకో నాలుగు డిస్ట్రోలు చూడనా?

రాజాం రిపేర్లు: పప్పీ లేచిందిగా, ఇంకేటి కావాలి? నేను ఐదారు డిస్కులు సంచిలో వేసుకుని తిరుగుతాను. ఏది లేస్తే దాంతోనే పని. కస్టమర్‌కి కారణాలు అక్కర్లేదు, ప్రింటు రావాలి.

పొందూరు మాస్టారు: గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది బాబూ నీ పద్ధతి. లుబుంటు ఆగినచోట తెర మీద ఏం రాసిందో అడిగావా?

విజీనగరం జిరాక్స్: ఈ కెర్నెల్‌కి ఎక్స్86-64 సీపీయూ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉంది అని రాసింది మాస్టారూ.

పొందూరు మాస్టారు: అంతే. అది అడిగేది 64 బిట్ ప్రాసెసర్, మీది 32 బిట్. లుబుంటు 19.04 నుంచి 32 బిట్ ఐఎస్ఓ (డిస్కు మీద రాసే ఫైల్) ఇవ్వడం మానేశారు. ఎన్ని డిస్కులు రాసినా లేవదు. యాంటీఎక్స్‌కి 32 బిట్ ఉంది, లేవడం మొదలైంది కూడా, కాబట్టి దాని జబ్బు వేరు. సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఒకే పెద్ద ఫైల్‌లో కుదించి ఉంటుంది. చదివేటప్పుడు అందులో ఒక్క ముక్క పాడైనా ఆ ఎర్రర్ వస్తుంది. ముందు ఐఎస్ఓ చెక్‌సమ్ సరిచూడండి, ఫైల్ చెడకుండా దిగిందో లేదో తెలుస్తుంది. తర్వాత డిస్కులు చదివే మీ డ్రైవ్ బాగుందో లేదో తేలడానికి అదే డిస్కు వేరే మెషీన్‌లో పెట్టండి.

రాజాం రిపేర్లు: డ్రైవ్ పాడైతే పప్పీ ఎలా వచ్చింది మరి?

పొందూరు మాస్టారు: పప్పీ చిన్నది. డిస్కు మీద రాత మధ్య నుంచి అంచు వైపు సాగుతుంది. పెద్ద ఐఎస్ఓ అంచు దాకా పోతుంది, నీరసించిన డ్రైవ్ తడబడేది అక్కడే ఎక్కువ.

టెక్కలి నైట్ డ్యూటీ: ఈ రోజుల్లో డిస్కులేంటి బాబూ, పెన్‌డ్రైవ్ పెట్టండి.

విజీనగరం జిరాక్స్: మెషీన్ ఆన్ చేయగానే పనిచేసే బయోస్‌లో యూఎస్‌బీ నుంచి లేచే ఆప్షనే లేదండీ. చెక్‌సమ్ కలిసింది. అదే డిస్కు మా బావ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ దాకా చక్కగా వచ్చింది. సరే అని డ్రైవ్ మూత విప్పాను. లెన్స్ మీద నల్లటి పొర, దీపం మసి పట్టినట్టు. టోనర్ పొడి! ఈ మెషీన్ ఆరేళ్లుగా జిరాక్స్ మెషీన్ పక్కనే ఉంది మరి. దూదికి స్పిరిట్ అద్ది మెల్లగా తుడిచాను. ఇప్పుడు యాంటీఎక్స్ మూడుసార్లలో రెండుసార్లు లేస్తోంది.

రాజాం రిపేర్లు: మూడోసారి సంగతేటి మాస్టారూ? జనం వరసలో నిలబడ్డప్పుడు ఆ మూడోసారే వస్తుంది. నా మాట విని పప్పీయే ఉంచండి.

పొందూరు మాస్టారు: డ్రైవ్ మార్చమనే కదా దానర్థం? డిస్ట్రో మార్చమని కాదు.

విజీనగరం జిరాక్స్: ఇద్దరూ తిట్టుకోకండి. పప్పీ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కాక డిస్కు బయటికి తీసేశాను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాస్తున్నాను. పొద్దున్నుంచి ఆగలేదు. ఆదివారం పాత సామాన్ల కొట్టుకి వెళ్లి డ్రైవ్ వెతుకుతా. దొరికితే దాన్ని టోనర్‌కి దూరంగా బిగిస్తా.