'ఇన్‌ఫ్లేమబుల్'లో ఆ 'ఇన్' ఏంటి?

ప్రశ్న: ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ లాంటి వాటిలో 'ఇన్' అంటే 'కాదు' అని కదా స్కూల్లో చెప్పారు, మరి పెట్రోల్ ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాస్తారేంటి? అంటుకోదనా?

జవాబు 1: అయ్యో, అంటుకుంటుందండీ, దూరంగా ఉండండి! లాటిన్‌లోనే రెండు 'ఇన్'లు ఉన్నాయి. ఒకటి 'కాదు', రెండోది 'లోపలికి, మీదికి'. ఇది రెండోది, నిప్పంటించడం అనే అర్థమున్న 'ఇన్‌ఫ్లమ్మారే' నుంచి వచ్చింది. జనం మీలాగే పొరబడతారనే 20వ శతాబ్దంలో భద్రత కోసం 'ఫ్లేమబుల్' వాడకం పెంచారు.

జవాబు 2: రూపం చూసి ఏ 'ఇన్' అన్నది పట్టుకోలేం. రెండూ ప, బ, మ ముందు 'ఇమ్', ల ముందు 'ఇల్', ర ముందు 'ఇర్' అవుతాయి. ఇల్లీగల్‌లో 'కాదు', ఇల్యూమినేట్‌లో 'మీదికి'. ఇర్రెగ్యులర్‌లో 'కాదు', మన ఇరిగేషన్‌లో మాత్రం నీళ్ళు పొలంలోకి.

జవాబు 3: 'కాదు' అనే ఇన్‌కి మన దగ్గర చుట్టం ఉంది. సంస్కృతం అ/అన్, గ్రీకు అ/అన్, ఇంగ్లిష్ సొంత 'అన్', అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం. న్యాయం అన్యాయమైతే, అచ్చుతో మొదలయ్యే అవసరం అనవసరం అవుతుంది.

ప్రశ్న వేసినవారు: మరి ఇన్‌వాల్యుబుల్? అది 'విలువ లేనిది' కాదుగా!

జవాబు 3: అక్కడ 'కాదు' ఇన్నే. వెల కట్టడం కుదరదని. మన 'అమూల్యం' కూడా అంతే కదా.