జార్జియాలో పొలం కొనొచ్చా? అక్కడున్నవాళ్లు చెప్పండి

మిర్చిరైతు_పల్నాడు: మా అబ్బాయి జార్జియా దేశ రాజధాని త్బిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. జార్జియా ఎలాగూ యూరప్ యూనియన్‌లో కలుస్తుంది, ఇప్పుడే నాలుగెకరాలు కొంటే పంటకు మంచి రేటొస్తుందని ఒకాయన అడ్వాన్స్ అడుగుతున్నాడు. నమ్మొచ్చా?

త్బిలిసి_సీనియర్: బాబాయ్, రూపాయి కూడా ఇవ్వొద్దు. ఒకప్పుడు పంజాబ్ రైతులు వచ్చి కొన్నమాట నిజమే. 2013లో విదేశీయులకు సాగుభూమి అమ్మకాలు ఆపారు. 2018 నుంచి ఆ నిషేధం రాజ్యాంగంలోనే ఉంది. వారసత్వం లాంటి కొద్ది మినహాయింపులే మిగిలాయి.

యూరప్‌లో కలవడమంటారా, 2023 డిసెంబరులో జార్జియాకు ఆ యూనియన్‌లో చేరే అభ్యర్థి హోదా వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2028 చివరిదాకా చేరిక చర్చల ఊసెత్తమని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నిరసనకు త్బిలిసిలోని రుస్తావెలి వీధి నిండా జనమే. మోకాళ్ల నొప్పులున్నా మా ఓనరమ్మ కూడా వెళ్లింది.

జుగ్దిది_వెళ్లొచ్చా: నేను చూసింది చెప్తా. ఆగస్టు చివర్లో క్లాస్‌మేట్ వాళ్ల అమ్మమ్మగారింటికి వెళ్లాను. పశ్చిమ జార్జియాలో జుగ్దిది వైపు హేజల్‌నట్ (చాక్లెట్లలో వేసే గింజ) తోటలు ఎక్కువ. చాలామందికి ఒక హెక్టారు కూడా ఉండదు. వాకిలంతా పట్టాలు పరిచి కాయలు ఆరబోశారు. చినుకు పడగానే ఇంటిల్లిపాదీ పరుగు, అచ్చం మన కల్లాల్లోలాగే. అమ్మమ్మ ఒక్కో కాయ పగలగొట్టి చూపించింది. తెల్లగా ఉంటే మంచిది. గోధుమరంగు మచ్చ, చేదు ఉంటే కంపు నల్లి అనే పురుగు రసం పీల్చిందన్నమాట. 2016, 2017లో ఆ పురుగు తోటలకు తోటల్నే దెబ్బతీసింది.

2014లో యూరప్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఈ గింజలకు సుంకం లేదు. అయినా తేమ ఉండి బూజు పట్టిందా, అఫ్లాటాక్సిన్ (ఆ బూజు నుంచి పుట్టే విషం) పరిమితి దాటితే రేవులోనే ఆపేస్తారు. వాకిట్లో ఆరబెట్టే రైతు ఒక్కడే దీన్ని గట్టెక్కలేడు. 2013 నుంచి యూరప్ నిధులతో సహకార సంఘాలకు సాయం చేసింది అందుకే.

గుంటూరు_ఎగుమతి: మన మిర్చికీ యూరప్‌లో ఇదే పరీక్ష. మా కంటైనర్ ఒకటి ఇలాగే వెనక్కొచ్చింది, నెలన్నర నిద్రలేదు. రైతు దగ్గరే తేమ చూసుకుని ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

కఖేతి_కోతలు: ద్రాక్ష సంగతి వేరు. 2006లో జార్జియా వైన్ దిగుమతిని రష్యా ఆపేసినప్పుడు, ద్రాక్ష పండే మా కఖేతి ఊళ్లు చితికిపోయాయి. 2013లో మళ్లీ తలుపులు తెరిచారు. ఇప్పటికీ ఎక్కువ సరుకు అటే పోతుంది. రైతుల భయం కూడా అదే.

మిర్చిరైతు_పల్నాడు: అడ్వాన్స్ ఇవ్వనని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. తమ్ముడూ, ఆ అమ్మమ్మగారి ఊళ్లో సంఘం వాళ్లకు ఆరబెట్టే మెషిన్ ఉందా? ఎలా నడుపుతున్నారో కాస్త కనుక్కుంటావా? మా ఊళ్లో పదిమందిమి కలిసి ఒకటి పెట్టుకుందామని చూస్తున్నాం.